నడిసముద్రపు రాళ్ల మీద దీపం ఎలా నిలిచింది?

ఒడ్డున లైట్‌హౌస్ కట్టడంలో మనకు పెద్ద ఆశ్చర్యం కనిపించదు. కాళ్ల కింద గట్టి నేల ఉంటుంది, రాళ్లు బండి మీద వస్తాయి, మేస్త్రులు పొద్దుగూకితే ఇంటికి పోతారు. తీరానికి పద్నాలుగు కిలోమీటర్ల అవతల, పోటు వచ్చినప్పుడల్లా నీళ్లలో మునిగిపోయే రాళ్ల మీద కట్టడం మాత్రం వేరే సంగతి. అక్కడ నిలబడటానికే చోటు లేదు. అలాంటి చోట ఎందుకు కట్టాలి? కట్టాలనుకుంటే ఎలా కట్టాలి?

ఈ రెండు ప్రశ్నలకూ దాదాపు రెండు వందల ఏళ్ల పాటు జవాబు వెతికిన చోటు ఒకటుంది. ఇంగ్లండ్ నైరుతి తీరాన, ప్లిమత్ ఓడరేవుకు ఎదురుగా ఇంగ్లిష్ చానెల్‌లో ఉన్న ఎడ్డిస్టన్ రాళ్లే అవి. అక్కడ 1698 నుంచి నేటి వరకు నాలుగు లైట్‌హౌస్‌లు లేచాయి. మొదటిదాన్ని తుఫాను మింగింది. రెండోది కాలిపోయింది. మూడోదాన్ని మనుషులే జాగ్రత్తగా విప్పి ఒడ్డుకు తెచ్చుకున్నారు. నాలుగోది ఇప్పటికీ వెలుగుతోంది. ఒక్కొక్కటీ తన ముందుదాని వైఫల్యానికి చెప్పిన సమాధానం. అందుకే ఈ నాలుగింటినీ వరసగా చూస్తేనే సముద్రంలో కట్టే విద్య ఏమిటో తెలుస్తుంది.

ఆ రాళ్లంటే నావికులకు అంత భయం ఎందుకు?

ఎడ్డిస్టన్ చుట్టూ సముద్రం లోతుగా ఉంటుంది. ఆ లోతులోంచి రాళ్లు ఒక్కసారిగా పైకి లేస్తాయి. అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా వందల కిలోమీటర్లు దొర్లుకుంటూ వచ్చే అలలకు దారిలో మెరక తగలదు, జోరు తగ్గదు. మెల్లగా మెరకెక్కే తీరంలో అల కొంచెం కొంచెంగా విరిగి బలం పోగొట్టుకుంటుంది. ఇక్కడ పూర్తి బలంతో వచ్చి రాతిని గుద్దుతుంది. గాలి లేని ప్రశాంతమైన రోజున కూడా ఆ రాళ్ల దగ్గర నీళ్లు ఎగసిపడుతూనే ఉంటాయి.

పైగా పోటు వేళ రాళ్లు దాదాపు పూర్తిగా కనబడకుండా పోతాయి. రాత్రి పూట, మంచులో, దూరప్రయాణం చేసి అలసి ప్లిమత్ చేరబోయే ఓడకు అవి సరిగ్గా దారిలోనే ఉన్నాయి. 1690లలో ప్లిమత్‌లో నౌకాదళపు డాక్‌యార్డు మొదలయ్యాక రాకపోకలు ఇంకా పెరిగాయి. ఎడ్డిస్టన్ భయంతో కొందరు కెప్టెన్లు మరీ దక్షిణంగా తప్పుకుని, ఫ్రాన్స్ వైపు రాళ్లకు, చానెల్ దీవుల రాళ్లకు ఓడలను కొట్టుకునేవారు. అంటే ఆ రాళ్లు తమను తాకని ఓడలను కూడా ముంచేవి.

దీపం ఒడ్డునే పెడితే సరిపోదా?

కొన్నిచోట్ల సరిపోతుంది. మన విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ మండలం చింతపల్లి దగ్గర శాంతపిల్లి లైట్‌హౌస్ ఉంది. భీమునిపట్నం వచ్చే ఓడలకు సముద్రంలోని శాంతపిల్లి రాళ్ల ప్రమాదాన్ని తెలియజేయడానికి పంతొమ్మిదో శతాబ్దిలో దాన్ని పెట్టారు. రాళ్లు నీళ్లలో ఉన్నాయి, దీపం గట్టు మీద ఉంది. రాళ్లు తీరానికి మరీ దూరం కాకపోతే, ఎత్తైన చోటు దొరికితే, దీపం బలమైనదైతే ఈ పద్ధతే మంచిది. ఖర్చు తక్కువ, ప్రాణభయం లేదు.

ఎడ్డిస్టన్‌కు ఈ వీలు లేదు. 1690లలో దీపమంటే కొవ్వొత్తి లేదా బొగ్గుమంట. ఒడ్డున దాన్ని వెలిగిస్తే పద్నాలుగు కిలోమీటర్ల అవతలి రాళ్ల దగ్గరికి వచ్చేసరికి, అందులోనూ మబ్బు రాత్రి, ఏమీ ఆనదు. ఆనినా ఇంకో చిక్కుంది. ఒడ్డు దీపం ‘ఒడ్డు ఇక్కడ’ అని చెబుతుందే గాని ‘రాళ్లు ఇక్కడ’ అని చెప్పదు. నావికుడికి అక్కడ కావలసింది రెండో మాట. అది చెప్పాలంటే దీపం రాతి మీదే ఉండాలి.

మొదటి స్తంభాన్ని ఎలా కట్టారు? అది ఎందుకు పోయింది?

కట్టినవాడు ఇంజినీరు కాడు. హెన్రీ విన్‌స్టన్లీ చిత్రాలు చెక్కే కళాకారుడు, విచిత్రమైన యంత్రాలు చేసి జనాన్ని అబ్బురపరిచేవాడు, ఓడల్లో డబ్బు పెట్టిన వ్యాపారి కూడా. అతని రెండు ఓడలు ఎడ్డిస్టన్ దగ్గరే పోయాయి. దాంతో తానే దీపం పెడతానని బయలుదేరాడు.

1696 వేసవి అంతా కష్టపడితే జరిగిన పని ఇంతే: రాతిలో పన్నెండు రంధ్రాలు తొలిచి ఇనుప కడ్డీలు పాతారు. మరుసటి ఏడాది వాటి చుట్టూ గట్టి దిమ్మ కట్టడం మొదలెట్టారు. అప్పుడు ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ యుద్ధం నడుస్తోంది. ఒక ఫ్రెంచి ఓడ వచ్చి విన్‌స్టన్లీని బందీగా పట్టుకుపోయింది. పద్నాలుగో లూయీ రాజు ఆ సంగతి విని, ఆ దీపం అన్ని దేశాల నావికులకూ మేలు చేసేదని అతన్ని విడిచిపెట్టించాడని చెబుతారు. 1698 నవంబరు 14న మొదటిసారి దీపం వెలిగింది. నాలుగు వైపులా నీళ్లే ఉన్న రాతి మీద, నట్టనడి సముద్రంలో లైట్‌హౌస్ వెలగడం అదే మొదలు.

ఆ చలికాలపు అలలు దీపపు గది దాకా ఎగసివచ్చాయి. విన్‌స్టన్లీ వెంటనే 1699లో స్తంభం చుట్టూ మరో పొర కట్టి లావు చేశాడు, ఎత్తూ పెంచాడు. ఇక్కడే చిక్కు వచ్చింది. అతని కట్టడానికి పలకలున్నాయి, వసారాలున్నాయి, బయటికి పొడుచుకు వచ్చిన అలంకారాలున్నాయి. గాలికీ నీటికీ అవన్నీ పట్టుకొమ్మలే. పైన అంత బరువూ విస్తారమూ ఉన్న కట్టడాన్ని పట్టి ఉంచింది మాత్రం కింద రాతిలోని కొద్దిపాటి కడ్డీలు.

ఎంతటి తుఫాను వచ్చినా తన స్తంభంలో ఉండి చూడాలని విన్‌స్టన్లీ కోరుకునేవాడు. 1703 నవంబరు 26 రాత్రి ఇంగ్లండు చరిత్రలోనే అతి భీకరమైన తుఫాను వచ్చింది. మరమ్మతుల కోసం వెళ్లిన విన్‌స్టన్లీ ఆ రాత్రి స్తంభంలోనే ఉన్నాడు. తెల్లారేసరికి రాతి మీద కొన్ని వంగిన ఇనుప ముక్కలు తప్ప ఏమీ లేవు, మనుషులూ లేరు. ఆ తరవాత కొద్దికాలానికే వర్జీనియా నుంచి పొగాకు తెస్తున్న ‘వించెల్‌సీ’ అనే ఓడ అదే రాళ్లకు కొట్టుకుని మునిగింది. దీపం ఉన్న అయిదేళ్లలో ఏ ఓడా అక్కడ పోలేదు. విన్‌స్టన్లీ కట్టడం పోయిందే గాని, అక్కడ దీపం ఉండితీరాలన్న మాట రుజువైంది.

రెండోది చెక్కదైనా 47 ఏళ్లు ఎలా నిలిచింది?

జాన్ రడ్యర్డ్ లండన్‌లో పట్టుబట్టల వ్యాపారి. ఆయనకు సాయంగా ఓడలు కట్టే ఇద్దరు వడ్రంగులు వచ్చారు. అందుకే ఆయన స్తంభం ఇల్లులా కాక ఓడలా ఆలోచించి చేసింది. పలకలు లేవు, అలంకారాలు లేవు. కింద లావుగా, పైకి పోయేకొద్దీ సన్నబడే నున్నటి గుండ్రటి స్తంభం. లోపల అడుగుభాగంలో బరువు కోసం రాతి వరసలు, వాటి మధ్య ఓక్ దూలాలు, బయట నిలువు చెక్కలు, సందుల్లో నీరు చొరకుండా ఓడకు పూసినట్టే కీలు.

రాతిలో పాతిన ఇనుములో రడ్యర్డ్ తెలివి బయటపడుతుంది. మామూలు రంధ్రంలో పెట్టిన కడ్డీ అలల కుదుపుకు వదులై పైకి వచ్చేస్తుంది. ఆయన రంధ్రాలను పైన ఇరుకుగా, అడుగున వెడల్పుగా తొలిపించాడు. వాటిలో మొదట కరిగించిన పశువుల కొవ్వు పోశాడు. తరవాత వేడిచేసిన ఇనుప ముక్కలను దించి, అడుగున విచ్చుకుని బిగుసుకునేలా కూర్చాడు. ఆపైన కరిగిన ప్యూటర్ లోహం పోశాడు. బరువైన లోహం అడుగుకు పోయి కొవ్వును పైకి తోసేసింది. కాని ఇనుముకు పల్చగా అంటిన కొవ్వు పొర అలాగే ఉండిపోయి ఉప్పునీటిని దగ్గరికి రానివ్వలేదు. దాదాపు యాభై ఏళ్ల తరవాత, మూడో స్తంభం కట్టిన స్మీటన్ ఆ ఇనుములను పరీక్షించి, అవి తుప్పు పట్టకుండా ఉండటం చూసి మెచ్చుకున్నాడు.

1708లో వెలిగిన ఈ స్తంభాన్ని సముద్రం పడగొట్టలేకపోయింది. చెక్కను తొలిచే సముద్రపు పురుగులతో మాత్రం నిత్యం మరమ్మతులు తప్పలేదు. దాని చావు పైనుంచి వచ్చింది. 1755 డిసెంబరు 2 తెల్లవారుజామున దీపపు గది కప్పు అంటుకుంది. కాపలాదారు హెన్రీ హాల్‌కు అప్పటికి 94 ఏళ్లని చెబుతారు. ఆయన కింద నిలబడి బకెట్లతో నీళ్లు పైకి విసురుతుంటే, కప్పు మీది సీసం కరిగి ఆయన మీద పడింది. సీసం గొంతులోకి పోయిందని ఆయన చెబితే డాక్టర్లు నమ్మలేదు. పన్నెండు రోజుల తరవాత ఆయన చనిపోయాక పొట్టలో ఏడు ఔన్సులకు పైగా బరువున్న సీసపు ముద్ద దొరికింది. ఆ ముద్ద ఇప్పుడు స్కాట్లండ్ జాతీయ మ్యూజియంలో ఉంది.

నున్నటి గుండ్రటి రూపం సరైనదని రడ్యర్డ్ నిరూపించాడు. మూడోసారి మారవలసింది కట్టే వస్తువు.

స్మీటన్ బరువును ఎందుకు నమ్మాడు?

కొత్త స్తంభం ఎవరు కట్టాలని అడిగితే రాయల్ సొసైటీ అధ్యక్షుడు ఒక ముప్పై ఏళ్ల యువకుడి పేరు చెప్పాడు. అతను జాన్ స్మీటన్. లీడ్స్ దగ్గర పుట్టాడు, శాస్త్ర పరికరాలు తయారుచేసేవాడు. తనను తాను సివిల్ ఇంజినీరునని చెప్పుకున్న మొదటివాడు ఇతనే.

సముద్రంలో చెక్కే మేలని చాలామంది అన్నారు. చెక్క వంగుతుంది, అల దెబ్బకు ఊగి సర్దుకుంటుంది అన్నది వాళ్ల వాదన. స్మీటన్ దీనికి పూర్తిగా ఎదురు నిలిచాడు. ఊగే కట్టడంలో ప్రతి ఊపుకూ ప్రతి కీలూ కొంచెం వదులవుతుంది. కదలనే కదలనంత బరువుంటే అలే పక్కకు తప్పుకోవాలి. కాబట్టి రాయి కావాలి, అది మామూలుగా పేర్చిన రాయి కాకూడదు, మొత్తం ఒక్క బండ అయిపోవాలి.

ఆకారానికి ఆయన ఓక్ చెట్టు మొదలును చూశాడు. వేళ్ల దగ్గర వెడల్పుగా పరచుకుని, పైకి పోతూ వంపు తిరిగి సన్నబడే మాను గాలివానకు సులభంగా కూలదు. అదే వంపును స్తంభానికి ఇచ్చాడు. అడుగున సుమారు 8 మీటర్ల వెడల్పు, పైన 5 మీటర్లు, ఎత్తు 22 మీటర్లు. గదులన్నీ పైభాగంలోనే. కింది సగం లోపల ఖాళీ అన్నదే లేని గట్టి రాయి. దీనివల్ల బరువంతా కిందికి చేరింది. అల ఎక్కువగా గుద్దే చోటే అది అతి బలమైన చోటు అయింది.

అలల దెబ్బ ఎంతటిదో ఆనాడు కొలిచే సాధనం లేదు. 1840లలో స్కాట్లండ్ ఇంజినీరు థామస్ స్టీవెన్‌సన్ స్కెర్రీవోర్ రాళ్ల దగ్గర పరికరం పెట్టి కొలిచాడు. చదరపు అడుగుకు 6,083 పౌండ్ల ఒత్తిడి నమోదైంది. అంటే చదరపు మీటరుకు 29 టన్నులకు పైమాటే. కొలత లేకుండానే స్మీటన్ ఈ బలానికి తగ్గ బరువును ఎంచుకున్నాడు.

రాయికీ రాయికీ పొత్తు ఎలా కుదిర్చాడు?

మొదట కింది రాతినే సిద్ధం చేశాడు. ఎడ్డిస్టన్ బండ ఒక వైపుకు వాలి ఉంటుంది. వాలు మీద కడితే ఎంత బరువైనా జారుతుంది. అందుకని దాన్ని మెట్లు మెట్లుగా చెక్కించాడు. మొదటి వరసల రాళ్లు ఆ మెట్లలోనే కూర్చుని, బండతో కలిసిపోయాయి.

తరవాత రాళ్ల కూర్పు. ప్రతి రాయినీ వడ్రంగులు వాడే డవ్‌టెయిల్ అనే పద్ధతిలో చెక్కారు. ఒక రాయికి నాలుకలా పొడుచుకు వచ్చిన భాగం ఉంటుంది. అది మొదట్లో సన్నగా, కొసన వెడల్పుగా ఉంటుంది. పక్కరాయిలో సరిగ్గా అదే ఆకారపు గాడి. పైనుంచి దించితే చక్కగా కూర్చుంటుంది. పక్కకు లాగితే ఎంత బలమూ చాలదు. ఒక వరసలోని రాళ్లన్నీ ఇలా ఒకదాన్నొకటి పట్టుకుని ఒకే పెద్ద చక్రంలా అయిపోతాయి. అందులోంచి ఒక్క రాయిని ఊడబెరకాలంటే వరసంతా పగలాలి.

ఇక వరస మీద వరస జారకూడదు. దానికి రెండు వరసల మధ్య సగం పైరాతిలోకి, సగం కిందిరాతిలోకి దిగేలా చలువరాతి దిమ్మలు పెట్టాడు. సున్నం గట్టిపడేలోగా అల వచ్చి రాయిని ఎత్తుకుపోకుండా, రాయిలోంచి కింది వరసలోకి ఓక్ కొయ్య మేకులు దిగ్గొట్టించాడు. పై గదుల నేలలు కమానులుగా ఉంటాయి కనుక గోడలను బయటికి తోస్తాయి. ఆ తోపుకు గోడ విచ్చుకోకుండా చుట్టూ గాడి తొలిచి ఇనుప గొలుసులు బిగించి, మీద కరిగిన సీసం పోశాడు.

రాయి ఎంపికలోనూ కారణముంది. పోర్ట్‌లండ్ అనే సున్నపురాయి చెక్కడానికి సులువు. కాని ఆ రాయిని సముద్రపు జీవులు తొలిచి గుంటలు చేయడం స్మీటన్ గమనించాడు. అందుకే నీటికి తగిలే బయటి పొరకు కార్న్‌వాల్ గ్రానైట్, లోపలికి పోర్ట్‌లండ్ రాయి వాడాడు. మొత్తం 1,493 రాళ్లు.

నీళ్లలో గట్టిపడే సున్నం ఎలా దొరికింది?

ఈ కథలో ప్రపంచానికి ఎక్కువ మేలు చేసిన భాగం ఇదేనని నా అభిప్రాయం. మామూలు సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. నీళ్లలో ముంచితే ఆ గాలి అందదు, సున్నం మెత్తబడి కొట్టుకుపోతుంది. ఎడ్డిస్టన్‌లో ఒక వరస కట్టిన కొన్ని గంటల్లో పోటు వచ్చి ముంచేస్తుంది. కాబట్టి నీటిలోనే గట్టిపడే గచ్చు కావాలి.

స్మీటన్ ప్లిమత్‌లో రసాయనాలు తెలిసిన విలియం కుక్‌వర్తీ ఇంట్లో ఉండి పరీక్షలు మొదలుపెట్టాడు. రకరకాల సున్నపురాళ్లను కాల్చి, గచ్చు కలిపి, చిన్న చిన్న ఉండలు చేసి నీళ్లలో వేశాడు. కొన్ని కరిగిపోయాయి, కొన్ని రాయిలా అయ్యాయి. అప్పటిదాకా అందరి నమ్మకం ఒకటే: సున్నపురాయి ఎంత తెల్లగా, ఎంత గట్టిగా ఉంటే సున్నం అంత గొప్పది. ఉండలు మరో మాట చెప్పాయి. ఆయన ఆ రాళ్లను ఆమ్లంలో కరిగించి చూశాడు. నీటిలో గట్టిపడిన సున్నాన్నిచ్చిన రాళ్లన్నీ అడుగున బంకమన్ను మిగిల్చాయి. కిటుకు రాయి తెలుపులోనూ గట్టిదనంలోనూ లేదు, అందులో కలిసిన మట్టిలో ఉంది.

ఎందుకంటే, బంకమన్నుతో కలిసి కాలిన సున్నం నీటితోనే చర్య జరిపి గట్టిపడుతుంది, దానికి గాలి అక్కర్లేదు. మన పాత మేస్త్రులు గానుగ సున్నంలో ఇటుక పొడి కలపడంలోనూ ఉన్నది ఈ సూత్రమే. కాలిన మట్టి సున్నానికి తడిలో నిలిచే బలాన్నిస్తుంది. స్మీటన్ వేల్స్‌లోని అబర్‌థా సున్నాన్ని, ఇటలీలో దొరికే పొజొలానా అనే అగ్నిపర్వతపు బూడిదతో సమపాళ్లలో కలిపి వాడాడు.

ఆయన బయటపెట్టిన ఈ సంగతి మీదే తరవాతివాళ్లు పని చేశారు. 1824లో లీడ్స్ తాపీమేస్త్రి జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. ఇవాళ మనం కట్టే ప్రతి స్లాబు వెనకా ఆ వరసలో ఎడ్డిస్టన్ ఉంది.

నిలబడే చోటే లేనప్పుడు పని ఎలా సాగింది?

ఆటు వేళ కొద్ది గంటలు, అదీ వేసవిలో, అదీ సముద్రం దయతలిస్తేనే. అందుకే స్మీటన్ రాతి మీద చేసే పనిని వీలైనంత తగ్గించాడు. ప్లిమత్‌లోని మిల్‌బే పనిశాలలో రాళ్లన్నీ చెక్కించి, ప్రతి వరసనూ అక్కడే ఒకసారి పేర్చి చూసి, గుర్తులు వేసి, విప్పి, పడవకెక్కించేవారు. రాళ్ల దగ్గర చేయవలసింది దించి కూర్చడమే. పనివాళ్లు రెండు జట్లుగా వంతులవారీగా వెళ్లేవారు. ఒడ్డుకూ రాతికీ మధ్య రోజూ తిరిగితే ఆటు సమయమంతా దారిలోనే పోతుందని, రాళ్లకు దగ్గరగా ఒక ఓడకు లంగరు వేసి, జట్టును అందులోనే ఉంచాడు.

ఆ రోజుల్లో నౌకాదళం వాళ్లు దొరికినవాణ్ణి దొరికినట్టు బలవంతంగా తమ కొలువులోకి లాక్కుపోయేవారు. ఎడ్డిస్టన్ పనివాళ్లను పట్టుకోకుండా వాళ్లకు గుర్తింపు పతకాలు ఇచ్చారు. మొదటి రాయిని 1757 జూన్ 12న కూర్చారు. 1759 అక్టోబరు 16న దీపం వెలిగింది.

ఇరవైనాలుగు కొవ్వొత్తుల వెలుగు ఓడలకు చాలేదా?

వినడానికి నమ్మశక్యంగా ఉండదు గాని ఆ దీపం 24 కొవ్వొత్తులే. వత్తి మసి పడితే వెలుగు తగ్గుతుంది కనుక అరగంటకోసారి గంట కొట్టే గడియారం పెట్టాడు. గంట విని కాపలాదారు వత్తులు సవరించేవాడు. 1810లో అద్దాలతో కూడిన నూనె దీపాలు వచ్చాయి. 1845లో ఫ్రెనెల్ కటకం వచ్చింది.

ఈ మార్పు ఎందుకు ముఖ్యమంటే, దీపం వెలుగులో చాలా భాగం ఆకాశానికీ నీళ్లకూ పోయి వృథా అవుతుంది. ఓడలు ఉండేది దిగంతం వైపు. ఫ్రెనెల్ కటకంలోని గాజు వలయాలు చెదిరిపోయే కిరణాలను వంచి దిగంతం వైపే పంపుతాయి. దీపం అదే అయినా దూరం పెరుగుతుంది. రెండో హద్దు భూమి గుండ్రదనం. ఎంత గొప్ప దీపమైనా దిగంతం దాటి కనిపించదు. 41 మీటర్ల ఎత్తున ఉన్న దీపానికి నీటిమట్టాన దిగంతం సుమారు 24 కిలోమీటర్లు. ఓడ డెక్కు మీద నిలబడ్డవాడికి ఇంకొంచెం ఎక్కువ. అందుకే వెలుగూ కావాలి, ఎత్తూ కావాలి.

అంత గట్టి స్తంభాన్ని ఎందుకు విప్పేశారు?

స్మీటన్ స్తంభం నూట ఇరవై ఏళ్లకు పైగా నిలిచింది. దాన్ని చూసే రాబర్ట్ స్టీవెన్‌సన్ స్కాట్లండ్ తూర్పు తీరం దగ్గర బెల్ రాక్ లైట్‌హౌస్ కట్టాడు. 1811లో వెలిగిన అది నేటికీ నిలిచి ఉంది. కాని 1870ల నాటికి పెద్ద అల తగిలినప్పుడల్లా ఎడ్డిస్టన్ స్తంభం వణకసాగింది. వెతికితే స్తంభంలో దోషం లేదు. దాని కింది బండనే సముద్రం తొలిచేసింది.

రెండో కారణం స్మీటన్ ఇచ్చిన వంపులోనే ఉంది. అడుగున వెడల్పైన వంపు మీద పడిన అల దాన్ని పట్టుకునే పైకి పాకి, దీపాన్ని సైతం కప్పేసేది. బలాన్నిచ్చిన వంపే నీటికి దారి కూడా ఇచ్చింది.

ఇంగ్లండు లైట్‌హౌస్‌లను చూసుకునే ట్రినిటీ హౌస్ సంస్థ ఇంజినీరు జేమ్స్ డగ్లస్ ఈ రెండింటికీ జవాబు చెప్పాడు. పక్కనే సుమారు నలభై మీటర్ల దూరంలో గట్టి బండను ఎంచుకున్నాడు. దాని చుట్టూ ఇటుకలతో అడ్డుగోడ కట్టి, ఓడలోని ఆవిరి పంపులతో నీళ్లు తోడించి, పొడి నేల మీద పునాది వేశాడు. అడుగున వంపు బదులు 44 అడుగుల వెడల్పు, 22 అడుగుల ఎత్తు ఉన్న నిటారు దిమ్మ పెట్టాడు. అల దాన్ని గుద్దుకుని అక్కడే విరుగుతుంది, పైకి పాకదు. స్మీటన్ కూర్పు రాళ్లను పక్కపక్కన కలిపితే, డగ్లస్ రాళ్లు పైనా కిందా కూడా గాళ్లతో పట్టుకుంటాయి. 2,171 రాళ్లతో, సుమారు 49 మీటర్ల ఎత్తుతో, 1882 మే 18న ఆ దీపం వెలిగింది.

పాత స్తంభం పైభాగాన్ని రాయి రాయిగా విప్పి ప్లిమత్ సముద్రతీరాన మళ్లీ నిలిపారు. 1884 నుంచి జనం అక్కడ దాన్ని చూస్తున్నారు. అడుగుభాగం మాత్రం ఇప్పటికీ సముద్రంలోనే ఉంది. బండతో ఏకమైన ఆ రాళ్లు విప్పడానికి లొంగలేదు.

లోపల మనుషులు ఎలా బతికారు?

రడ్యర్డ్ కాలంలో మొదట ఇద్దరే కాపలాదారులు ఉండేవారు. ఒకరు చనిపోతే, తానే చంపానంటారేమోనన్న భయంతో రెండోవాడు శవాన్ని సముద్రంలో వేయకుండా, పడవ వచ్చేదాకా అక్కడే ఉంచుకున్నాడు. స్మీటన్ ఈ సంగతి రాసిపెట్టాడు. అప్పటినుంచి ముగ్గురిని పెట్టారు. 1982లో యంత్రాలు వచ్చి కాపలాదారుల అవసరం తీరింది. దీపపు గది మీద హెలికాప్టర్ దిగే వేదిక ఉంది, సౌరశక్తితో దీపం వెలుగుతుంది. పది సెకన్లకు రెండు తెల్లటి మెరుపులు, 17 నాటికల్ మైళ్ల దూరం వరకు.

ఇందులో మనం తీసుకోవలసింది ఏమిటి?

స్మీటన్ 1791లో ఎడ్డిస్టన్ గురించి పెద్ద పుస్తకం అచ్చువేశాడు. అందులో తన పని ఒక్కటే లేదు. విన్‌స్టన్లీది ఎందుకు కూలింది, రడ్యర్డ్‌ది ఎక్కడ నిలిచింది, ఎలా కాలింది అన్నవన్నీ కొలతలతో సహా ఉన్నాయి. తన ముందువాళ్లను ఆయన ఎగతాళి చేయలేదు, నిందించలేదు, వాళ్ల పనిలోంచి నేర్చుకున్నాడు. డగ్లస్ కూడా స్మీటన్‌తో అలాగే వ్యవహరించాడు. నాలుగో స్తంభం నిలబడటానికి కారణం డగ్లస్ తెలివి ఒక్కటే కాదు, మొదటి మూడింటి లెక్క ఎవరో ఒకరు దాచి ఉంచడం కూడా.

మన తీరమూ తుఫానుల తీరమే. జెట్టీలు కొట్టుకుపోతాయి, కరకట్టలు తెగుతాయి, వంతెనలు కుంగుతాయి. అప్పుడు తప్పు ఎవరిదన్న ప్రశ్న గట్టిగా వినిపిస్తుంది. ఎందుకు కూలింది, ఎక్కడ మొదట వదులైంది, ఏ భాగం నిలబడింది అన్న ప్రశ్నలు అంతే గట్టిగా వినిపించాలి. వాటి జవాబులు తెలుగులో రాసి అచ్చువేసి, అవసరమైనవాళ్లకు అందేలా పెట్టాలి. ఇంజినీరింగ్ చదివే పిల్లలకూ చెప్పే పంతుళ్లకూ నా విన్నపం ఇదే: మీ ఊరి దగ్గర ఏదైనా కట్టడం కూలితే, శిథిలాలు ఎత్తేసేలోగా ఒకసారి వెళ్లండి, కొలవండి, రాసిపెట్టండి.